ట్రంప్ సుంకానికీ చండూరు పత్తికీ ఏం సంబంధం? – పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాలు, వాట్సాప్ మెసేజ్‌లు ముందర వేసుకొని కూసుంటే ఒక్కటే మాట తిరిగి తిరిగి వచ్చింది, ఎక్కడో దేశం బయట ఏదో అయితే మా ఇంట్ల ఎందుకు ఇబ్బంది అయితుంది అని. పత్తి రైతు అడిగిండు, మిల్లు గుమస్తా అడిగిండు, అమెరికాల బిడ్డను చదివిస్తున్న తండ్రి అడిగిండు. అందుకే మిగతా ప్రశ్నలు వచ్చే నెలకు ఆపి ఈసారి ఇవే తీసుకున్న.

ప్రశ్న: నాలుగెకరాలల్ల పత్తి పెట్టిన. అమెరికా వాళ్ళు 50 శాతం సుంకం వేసిన్రని టీవీల చూసిన. వాళ్ళ దేశంల వాళ్ళు వేసుకుంటే మా పత్తి రేటు ఎందుకు పడ్డది? పైగా మన సర్కారే బయటి పత్తి మీద సుంకం తీసేసిందట. ఇదేం న్యాయం సారు?
– పత్తి రైతు, చండూరు దగ్గర, నల్గొండ జిల్లా

జవాబు: అన్నా, మీ బాధల న్యాయం ఉన్నది, ముందు అది చెప్తున్న. జరిగింది వరుసగ చూద్దాం. అమెరికా 2025 ఆగస్టు 7 నుంచి మన సరుకుల మీద 25 శాతం వేసింది, రష్యా ఆయిల్ కొంటున్నరని చెప్పి ఆగస్టు 27 నుంచి ఇంకో 25 వేసింది, రెండు కలిపి 50. మన దగ్గర కుట్టిన అంగీలు, టవళ్ళు, బెడ్‌షీట్లు అందరికంటే ఎక్కువ కొనేది అమెరికానే, కాబట్టి తమిళనాడుల బట్టలు కుట్టే తిరుప్పూర్ లాంటి ఊర్లల్ల ఆర్డర్లు ఆగినయి, ఆర్డర్ లేకపోతే దారం అక్కర లేదు, దారం అక్కర లేకపోతే మీ పత్తిని అడిగేటోడు తక్కువైతడు. సుంకం వాళ్ళ ఓడరేవుల వేసిన్రు గాని ఒకదాన్నొకటి గుంజుకుంట వచ్చి మీ చేన్ల ఆగింది.

ఇంతవరకు బయటి దెబ్బ. దీని తర్వాతది మన సర్కారు చేసిన నిర్ణయం, ఈ రెండు కలిపి చూడొద్దు. బయటి పత్తి మీద మనం 11 శాతం సుంకం వేస్తుంటిమి, 2021 బడ్జెట్ నుంచి ఉన్నది అది. మిల్లులకు దూది చౌకగ దొరికితే కొంత నిలబడ్తరని ఆగస్టు 19 నాడు అది తీసేసిన్రు, ముందు సెప్టెంబర్ 30 వరకే అన్నరు, తర్వాత డిసెంబర్ 31 దాకా పొడిగించిన్రు. మన దిక్కు పత్తి ఏరుడు ఎప్పుడు ఊపందుకుంటది? దసరా దాటినంక. అంటే మీ పత్తి బజార్ల దిగే మూడు నెలలే బయటి పత్తికి దర్వాజ తెరిచి పెట్టినట్టు అయింది. నా అభిప్రాయం సూటిగ చెప్తున్న, మిల్లు మీద పడ్డ బరువుల కొంత తీసి రైతు నెత్తిన పెట్టిన్రు. మిల్లులను ఆదుకోవద్దు అంటలేను, అండ్ల పనిచేసేది కూడ మన లాంటోళ్ళే, గాని ఖజానా పైసలతోని ఆదుకోవచ్చు. నవంబర్‌ల ఎగుమతిదారుల కోసమని 25,060 కోట్ల స్కీము ఒకటి కేంద్ర కేబినెట్ ఒప్పుకున్నది, ఆరేండ్లకు. అసుంటిది ముందు రావాలె, పత్తి సుంకం జోలికి ఆ తర్వాత కదా పోవాల్సింది.

మద్దతు ధర ఉన్నది కదా అని మీరు అడగకపోయినా వేరేటోళ్ళు అడుగుతరు. ఉన్నది, 2025-26కు పొడుగు పింజకు క్వింటాలుకు 8,110, మధ్య రకానికి 7,710. సీసీఐ, అంటే కేంద్ర సర్కారు తరఫున పత్తి కొనే సంస్థ, కొంటే ఆ ధర వస్తది, అందుకే ఆ సంస్థ ఉండుడు మనకు మస్తు అవసరం. గాని తేమ 8 శాతం దాటితే కోత, 12 శాతం దాటితే తీసుకోరు. మొంథా తుపాను వాన పడ్డ వారంల నేను ఒక జిన్నింగ్ మిల్లు గేటు దగ్గర ఉన్న. ట్రాలీ మీదికెక్కి మీటర్ ముల్లు పత్తిల గుచ్చితే 17 చూపెట్టింది, ఇంకో దిక్కు గుచ్చితే 16, ఆ రైతు ఏం మాట్లాడలే, తాడు మళ్ళ కట్టుకుంట "ఎండల ఆరబోసి తెస్త సారు" అన్నడు, ఎండ ఎక్కడున్నది ఆ రోజు. ట్రాలీ కిరాయి పెరుగుతుంటది, ఏరిన కూలోళ్ళకు పైసలు ఇయ్యాలె, చివరికి గేటు బయట నిలబడ్డ ప్రైవేటు వ్యాపారి చెప్పిన రేటుకే ఇచ్చి పోయిండు. కాయితం మీద మద్దతు ధర ఉండి కూడ బయటి దెబ్బ రైతు దాకా ఎట్ల చేరుతదో ఆడ కండ్లార చూసిన.

ప్రశ్న: 2023ల బియ్యం ఎగుమతి బంద్ పెట్టిన్రు, మా మిల్లుల లారీలు ఆగినయి, హమాలోళ్ళకు పని తగ్గింది. రేటు పెరిగినప్పుడు అమ్ముకోనియ్యరు, పడినప్పుడు పట్టించుకోరు. బీద దేశాలన్ని ఇట్లనే చేస్తయా?
– రైస్ మిల్లు గుమస్తా, మిర్యాలగూడ

జవాబు: చాలా దేశాలు ఇట్లనే చేస్తయి. ఎందుకంటే బయట రేటు పెరిగినప్పుడు ఊర్ల ధర ఆపే అన్నిటికంటే ఈజీ పని ఎగుమతి ఆపుడే, ఖజానాల నుంచి ఒక్క రూపాయి ఖర్చు లేదు, ఒక్క నోటిఫికేషన్ చాలు. 2023 జులై 20 నాడు బాస్మతి కాని తెల్ల బియ్యం ఎగుమతి ఆపేసిన్రు, ఎల్‌నినోతోని వానలు తగ్గుతయన్న భయం, బజార్ల ధర పెరుగుడు, రెండు కారణాలు. ఆగస్టు చివర్ల ఉప్పుడు బియ్యం మీద 20 శాతం సుంకం వేసిన్రు. తెల్ల బియ్యం మీద బంద్ 2024 సెప్టెంబర్ 28 దాకా నడిచింది, అంటే రెండు వానకాలాలు. బంద్ మాట వినంగనే అమెరికాల మన తెలుగోళ్ళు షాపుల ముందర లైన్ కట్టి సోనా మసూరి బస్తాలు మోసుకపోయిన వీడియోలు మీరు కూడ చూసే ఉంటరు. వాళ్ళకేం, రెండు డాలర్లు ఎక్కువ పెట్టి కొంటరు. అసలు ఇబ్బంది సెనెగల్, బెనిన్ లాంటి ఆఫ్రికా దేశాలది, ఎందుకంటే ప్రపంచంల దేశం దాటే బియ్యంల దగ్గర దగ్గర 40 శాతం మనదే. మనం మన ఇల్లు కాపాడుకుంటందుకు చేసిన పని వాళ్ళకు బయటి దెబ్బ అయింది, మనకు అమెరికా సుంకం ఎట్లనో వాళ్ళకు మన బంద్ అట్ల.

2008ల కూడ ఇదే జరిగింది. మనం ఆపినం, వియత్నాం ఆపింది, కొనే దేశాలు భయపడి ఎగబడ్డయి, థాయ్ బియ్యం టన్ను కొన్ని నెలల్లనే వెయ్యి డాలర్ల దగ్గరికి పోయింది. అప్పుడు ప్రపంచంల బియ్యం లేక కాదు, ఒకరిని చూసి ఒకరు గేట్లు మూసుకున్నందుకు. ఇండోనేషియా 2022 ఏప్రిల్ 28 నుంచి పామాయిల్ ఎగుమతి ఆపింది, అప్పటికే యుక్రెయిన్ నుంచి సన్‌ఫ్లవర్ నూనె రాక ఆగింది, మన ఇండ్లల్ల నూనె పాకెట్ రేటు చూసి ఆడోళ్ళు పూరీలు చేసుడే మానేసిన రోజులు అవి. గాని ఆడ పామ్ గెలలు కొనేటోడు లేక వాళ్ళ రైతులే రోడ్డెక్కిన్రు, మే 23 నాడు ఎత్తేసిన్రు, నెల కూడ నిలబడలే.

నా మాట ఏందంటే, బంద్ కంటే సుంకం నయం. సుంకం వేస్తే వ్యాపారం కుంటుకుంటనన్న నడుస్తది, మీ లారీ ఆగదు, ఉప్పుడు బియ్యం విషయంల అదే అయింది. పైగా ఆ రోజు ఎఫ్‌సీఐ గోదాముల్ల బియ్యం ఉండాల్సిన దానికంటే మస్తు ఎక్కువ ఉండె. ఆ బియ్యం బజార్ల ముందే వదిలి, రైతుకు మిల్లుకు ఒక నెల ముందు చెప్పి, సుంకంతోని సరిపెడితే పోయేది. రాత్రికి రాత్రి ఆపితే ఓడరేవుల ఉన్న సరుకు సంగతేంది, మాట ఇచ్చిన వ్యాపారి ఇజ్జత్ ఏమైతది?

ప్రశ్న: మా బిడ్డ అమెరికాల ఎమ్మెస్ చదువుతుంది. డాలర్ 90 దాటింది. ఆర్‌బీఐ దగ్గర అన్ని డాలర్లు ఉండంగ రూపాయిని ఎందుకు ఆపదు?
– ఒక తండ్రి, సూర్యాపేట

జవాబు: ఆపాలంటే కొన్ని రోజులు ఆపొచ్చు సార్, ఆ తర్వాతనే కష్టం. ప్రతి దేశానికి మూడు కోరికలు ఉంటయి: కరెన్సీ రేటు కదలొద్దు, బయటి పెట్టుబడి స్వేచ్ఛగ రావాలె పోవాలె, వడ్డీ రేటు మన చేతుల ఉండాలె. మూడింట్ల రెండే దొరుకుతయి. థాయ్‌లాండ్ మూడు పట్టుకుందామని చూసి డాలర్లన్ని కరగబెట్టుకొని 1997 జులై 2 నాడు చేతులెత్తేసింది. మలేషియా 1998 సెప్టెంబర్‌ల పెట్టుబడి బయటికి పోకుండ తలుపు పెట్టి డాలర్‌కు 3.80 రింగిట్ అని కట్టేసింది, అప్పుడు ప్రపంచమంత తిట్టింది, గాని ఆ దేశం మునగలే, ఆపదల ఉన్న దేశాలకు అప్పిచ్చే అంతర్జాతీయ సంస్థ ఐఎంఎఫ్ అప్పు తీసుకోకుండనే కోలుకున్నది. మన ఆర్‌బీఐ మధ్య దారిల నడుస్తది, రూపాయిని పడనిస్తది గాని ధబేల్‌మని పడనియ్యదు. 2013ల అమెరికా కేంద్ర బ్యాంక్ బజార్లకు పైసలు వదులుడు తగ్గిస్తం అని ఒక్క మాట అంటేనే మే నెలల 55 దగ్గర ఉన్న రూపాయి ఆగస్టు చివరికి 68 దాటింది, అప్పుడు గవర్నర్ మన దువ్వూరి సుబ్బారావు గారు. బంగారం దిగుమతి సుంకం 10 శాతం చేసిన్రు, ఆ తర్వాత బయట ఉన్న మనోళ్ళ డిపాజిట్లు తెప్పించి నిలబెట్టిన్రు.

మీ వరకు చెప్పాలంటే రేటు తగ్గుతదని ఎదురుచూసి ఫీజు మొత్తం చివరి రోజు కట్టకున్రి, విడతలు విడతలుగ పంపున్రి. బిడ్డకు ఆడ నౌకరి వస్తే ఇదే డాలర్ అప్పు తీర్చుతందుకు పనికొస్తది గాని అప్పటిదాక వడ్డీ మీ మీదనే ఉంటది, అది లెక్క వేసుకోకుండ ఇంకో లోను ఎత్తకున్రి.

ప్రశ్న: 1991ల ఇండియా, 2022ల శ్రీలంక రెండు కూడ డాలర్లు అయిపోయి ఇబ్బంది పడ్డయి కదా సర్. ఒకటి లేచింది, ఇంకొకటి కూలింది. తేడా ఏంటి? మా ఎకనామిక్స్ సెమినార్‌కు కావాలె.
– డిగ్రీ విద్యార్థిని, నాగర్‌కర్నూల్

జవాబు: మంచి ప్రశ్న అమ్మా, దీనికి కొంచెం పెద్దగనే రాస్త. 1990 ఆగస్టు 2 నాడు ఇరాక్ కువైట్ మీదికి పోయింది. ఆయిల్ రేటు ఎగిరింది, గల్ఫ్‌ల ఉన్న మనోళ్ళు పంపే పైసలు ఆగినయి, లక్షకు పైగ మందిని విమానాల్ల తీసుకురావాల్సి వచ్చింది. అప్పటికే అప్పుల మీద నడుస్తున్న దేశం, ఏడాది తిరిగేవరకు చేతుల ఉన్న డాలర్లు రెండు మూడు వారాల దిగుమతికే సరిపోయే కాడికి వచ్చింది. 1991 మేల 20 టన్నుల బంగారం అమ్మిన్రు, జులైల 47 టన్నుల దాకా బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్, బ్యాంక్ ఆఫ్ జపాన్ దగ్గర కుదవ పెట్టిన్రు. ఇంట్ల పుస్తెలతాడు తాకట్టు పెట్టినంత బాధ అది, ఆ వార్త చదివి మా బాపు పేపర్ మడిచి పక్కన పెట్టి చాయ్ తాగకుండ లేచి పోయిండు, నాకు ఇప్పటికీ యాది ఉన్నది. మన తెలంగాణ బిడ్డ పీవీ నరసింహారావు గారు ప్రధాని, మన్మోహన్ సింగ్ ఆర్థిక మంత్రి. జులై 1న ఒకసారి, 3న ఒకసారి రూపాయి విలువ తగ్గించిన్రు, 24న బడ్జెట్. ఆగుడు లేదు, గద్దెనెక్కిన నెల రోజుల్లనే పని మొదలైంది.

శ్రీలంక దగ్గర తేడా ఈడనే. 2019 ఈస్టర్ నాటి బాంబులతోని టూరిజం దెబ్బతిన్నది, ఆ ఏడాది చివర్ల కొత్త సర్కారు వ్యాట్ 15 నుంచి 8కి తగ్గించింది, వెంటనే కరోనా. ఇవి చాలవన్నట్టు 2021ల రసాయన ఎరువుల దిగుమతి బంద్ పెట్టిన్రు, నవంబర్‌ల వెనక్కి తీసుకున్నరు గాని అప్పటికే వడ్లు దెబ్బతిన్నయి, బియ్యంల తన కాళ్ళ మీద నిలబడ్డ దేశం బయటి నుంచి బియ్యం కొనాల్సి వచ్చింది. డాలర్‌కు 200 అని వాళ్ళ రూపాయిని గట్టిగ పట్టుకొని కూసున్నరు, 2022 మార్చిల వదిలే సరికి నీళ్ళు దాటిపోయినయి. అన్నిటికంటే నాకు బాధ అనిపించేది, 2022 జనవరిల విదేశీ బాండ్ల అప్పు 50 కోట్ల డాలర్లు కట్టేసిన్రు, జనం గ్యాస్ కోసం మందుల కోసం ఎదురుచూస్తున్నరు అప్పుడు. ఏప్రిల్ 12 నాడు అప్పు కట్టలేం అన్నరు, మే మొదట్ల వాళ్ళ ఆర్థిక మంత్రి వాడుకోతందుకు 5 కోట్ల డాలర్లు కూడ లేవని పార్లమెంట్‌ల చెప్పిండు. మన దేశం 400 కోట్ల డాలర్ల దాకా సాయం చేసింది, ఐఎంఎఫ్ అప్పు 2023 మార్చిల గాని రాలే. అంతకుముందే 2022 జులైల జనం అధ్యక్షుని భవనంలకు పోయిన్రు, అధ్యక్షుడు గొటబాయ రాజపక్స దేశం విడిచిండు.

సెమినార్‌ల ఇంకో మాట కూడ చెప్పున్రి, 1991 కథ అంత తియ్యటిది కాదు. ఆ బడ్జెట్‌ల ఎరువుల ధర 40 శాతం పెంచిన్రు, గొడవ అయితే 30కి తగ్గించిన్రు, చిన్న సన్నకారు రైతులకు పెంపు లేదన్నరు. మాది మూడెకరాలు. బాపు నన్ను సైకిల్ మీద కూసోబెట్టుకొని ఎరువుల దుకాణం పోతే చిన్న రైతు అని కాయితం తెమ్మన్నరు, ఆ కాయితం కోసం ఆఫీసు చుట్టు మూడుసార్లు తిరిగినంక అది చేతికొచ్చే వరకు నాట్లు అయిపోయినయి, పెరిగిన రేటుకే బస్తాలు తెచ్చుకున్నం. తర్వాత 1992 ఆగస్టుల డీఏపీ, పొటాష్ ధరల మీద కంట్రోల్ తీసేసిన్రు, యూరియా మీద ఉంచిన్రు, దాంతోని రైతు చౌకగ దొరికే యూరియానే గుమ్మరించుడు అలవాటు చేసుకున్నడు, భూములు ఇప్పటికీ దాన్ని మోస్తున్నయి. 2025 వానకాలంల యూరియా కోసం పాస్‌బుక్కులు, చెప్పులు వరుసల పెట్టి చెట్టు కింద కూసున్న రైతులను మీ ఊర్ల మీరు చూసే ఉంటరు. దేశం బయటపడ్డది నిజమే, అప్పుడు పడ్డ బరువుల ఎంత చిన్న రైతు మోసిండో కూడ రాయున్రి.

ప్రశ్న: మేము ముంబైల బిల్డింగ్ పని చేస్తం. కరోనా అప్పుడు పిల్లలను ఎత్తుకొని నడిచి వచ్చినం. మళ్ళ ఏమన్న బయటి ఆపద వస్తే మా లాంటోళ్ళకు సర్కారు ఏం చెయ్యాలె?
– వలస కూలి, మక్తల్ దగ్గర

జవాబు: తమ్మీ, ఇండోనేషియా సంగతి చెప్త, ఒకే దేశం, ఒకే పని, రెండు సార్లు. 1998 మేల ఐఎంఎఫ్ షరతుల మీద పెట్రోలు ధర 70 శాతం దాకా పెంచిన్రు, జనం చేతుల ఏం పెట్టలే, దేశం తగలబడ్డది, ముప్పై ఏండ్లకు పైగ ఏలిన సుహార్తో ఆ నెల 21న దిగిపోయిండు. 2005 అక్టోబర్‌ల అదే దేశం పెట్రోలు కిరసనాయిల్ లాంటి ఇంధనాల ధరలు సగటున రెండింతలకు పైగ పెంచింది. గాని ఈసారి కోటిన్నరకు పైగ బీద కుటుంబాలకు నెలకు లక్ష రుపయ్య లెక్కన, వాళ్ళ రుపయ్య, పోస్టాఫీసుల్ల నేరుగ చేతికిచ్చిన్రు. నిరసనలు అయినయి గాని సర్కారు నిలబడ్డది. బీదోని చేతుల పైస ముందు పడాలె, ధర తర్వాత పెరగాలె, ఈ వరుస తప్పితే ఎంత మంచి నిర్ణయమైనా జనానికి శిక్షనే.

మన దగ్గర 2020ల ఉపాధి హామీకి 40,000 కోట్లు అదనంగ ఇచ్చిన్రు, మనిషికి 5 కిలోల అదనపు ఉచిత బియ్యం 2022 డిసెంబర్ దాకా నడిచింది, అవి లేకపోతే పాలమూరు ఊర్లు ఏమయ్యేటివో తలుసుకుంటేనే భయమైతది. గాని మీరు నడిచి వచ్చిన ఆ రెండు నెలలు ఎవ్వరు లెక్కల తీసుకోలే. మీరు ముంబైల ఉంటే రేషన్ కార్డు ఈడ ఉండె, మీరు ఈడికి వచ్చే వరకు మేస్త్రి దగ్గర కూలి బాకీ ఆడ ఉండె. ఇప్పుడు మీ కార్డు మీద ముంబైల కూడ బియ్యం తీసుకోవచ్చు, ఆధార్ లింక్ అయిందో లేదో పండుగకు వచ్చినప్పుడే చూసుకొని పోండి.

ప్రశ్న: మంచి రోజులల్ల దాచుకొని చెడు రోజులల్ల వాడుకున్న దేశం ఒకటన్న ఉన్నదా సారు?
– పొదుపు సంఘం లీడర్, దేవరకొండ

జవాబు: ఉన్నదక్కా, దక్షిణ అమెరికాల చిలీ. ఆ దేశం రాగి మీద బతుకుతది, రాగి రేటు మన పత్తి రేటు లెక్కనే, ఒక ఏడు ఆకాశంల, ఒక ఏడు పాతాళంల. 2006ల రాగి రేటు బాగ పెరిగితే, బడికి పిల్లలకు ఖర్చు పెట్టున్రి అని విద్యార్థులు లక్షల మంది రోడ్డెక్కిన్రు, ఆర్థిక మంత్రి వెలాస్కో అయినా చెయ్యి బిగబట్టిండు, జనం ఆయనను బాగ తిట్టిన్రు. 2008 చివర్ల ప్రపంచం కుప్పకూలి రాగి రేటు పడ్డది. అప్పుడు ఆ దాచిన దాని అండతోని 2009ల 400 కోట్ల డాలర్ల దాకా ఆదుకునే స్కీము పెట్టిన్రు, బీద ఇండ్లకు నేరుగ పైసలు ఇచ్చిన్రు, ఎవ్వరి దగ్గర చెయ్యి చాపలే. పిల్లల చదువుకు కొంత ముందే పెట్టాల్సిండె అని నాకైతే అనిపిస్తది, గాని దాచిన పద్ధతి మాత్రం మనం చూసి నేర్చుకునేదే.

మన దగ్గర 2022 మొదట్ల పత్తి క్వింటాలు 10,000 దాటింది, ఆ ఏడు అందరం సంతోషపడ్డం, పడే ఏడుకు అని పత్తి పేరు మీద ఒక నిధి పెట్టుకునే మాట ఎవ్వరు ఎత్తలే. చిలీల రాగి రేటు ముందు ముందు ఎంత ఉంటదో లెక్క కట్టేది మంత్రి కాదు, బయటి నిపుణుల కమిటీ, ఆ లెక్క కంటే ఎక్కువ వచ్చింది పక్కకు పోతది. మీ సంఘంల నెల నెలా ఎంత కట్టాలె, ఎవరికి ఎప్పుడు అప్పు ఇయ్యాలె అనేది తీర్మానం పుస్తకంల రాసి అందరు సంతకాలు పెడతరు కదా, లీడర్ మారినా ఆ పుస్తకం మారదు. చిలీ వాళ్ళు 2006ల దాన్నే చట్టంగ రాసుకున్నరు.